టచప్ చేసిన కన్ను

ఇన్‌ఫెక్షన్ వచ్చి నా ఎడమ కన్ను తీసేశాక, కొవ్వూరు హైస్కూల్లో నా లెక్కల క్లాసులో ఒక వింత మొదలైంది. స్లిప్ టెస్ట్ పెడితే చాలు, నాకు ఎడమవైపు కూర్చున్న వాళ్ళందరికీ మంచి మార్కులు. పెట్టించుకున్న రెడీమేడ్ కన్ను కాటుక నలుపు, నాదేమో తేనె రంగు. ఏ కన్ను చూస్తుందో, ఏది చూడదో పిల్లలకి ఇట్టే తెలిసిపోయేది. నల్లద్దాలు పెట్టుకుంటే నాకు సీఐడీ మేడం అని పేరొచ్చింది, కాపీలు మాత్రం ఆగలేదు. ఒళ్ళు మండిపోయేది. అద్దాలు తీసేసి, ఏ కన్ను ఏదో ఎవరికీ తెలియకుండా మళ్ళీ క్లాసులో నిలబడాలన్నదొక్కటే నా కోరిక.

రాజమండ్రిలో కృత్రిమ కళ్ళు చేసే ఆయన అప్పుడే వచ్చిన పద్ధతి చెప్పారు. మంచి కన్నుని డిజిటల్ కెమెరాతో ఫోటో తీసి, కంప్యూటర్లో రంగు సరిచూసి, ఆ కనుపాప బొమ్మని ప్రింటు తీసి ప్లాస్టిక్ కన్నులో అమరుస్తారట. ప్రింటు పని పక్కవీధి ఫోటో స్టూడియోకి ఇచ్చారు. అసలే పెళ్ళిళ్ళ సీజను. స్టూడియో ఆయనకి పెళ్ళికూతురి ముఖమైనా నా కనుపాపైనా ఒకటే. మచ్చలు తుడిచి, రంగు తేల్చి, మెరుపు కోసం ఒక తెల్లచుక్క కూడా పెట్టారు.

ఆ కన్నుతో ఇంటికెళితే మా అత్తగారు గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎంత బావుందే అమ్మాయ్. ఆ రెండోది కూడా ఇక్కడే చేయించుకోకపోయావా?"

అందంగా ఉన్నదే ఉత్తుత్తి కన్నని పిల్లలు ఒక్కరోజులో కనిపెట్టేశారు. ఎడమవైపు మళ్ళీ మార్కులే మార్కులు.

మర్నాడే వంతెన దాటి స్టూడియో మీదికి వెళ్ళాను.

"నాకు అందం వద్దండి. నా కన్ను నాకిచ్చెయ్యండి."

ఆయన బాగా నొచ్చుకున్నారు. "టచప్ చెయ్యకుండా ఇస్తే మా స్టూడియో పరువేం కావాలి మేడంగారూ?"

పక్కనే కూర్చుని, మౌస్ మీద ఆయన చెయ్యి కదిలినప్పుడల్లా గదమాయిస్తూ, మచ్చలతో సహా ప్రింటు తీయించాను. దానితో చేసిన కన్ను నా అసలు కన్నంత అలసటగానే ఉంది.

సోమవారం అద్దాలు ఇంట్లోనే వదిలేసి వెళ్ళి, నాకు కొత్తగా ఇచ్చిన సెక్షన్లో స్లిప్ టెస్ట్ పెట్టాను. ముందు బెంచీ పిల్ల పక్కదాని చెవిలో గొణిగింది.

"ఎటేపు కనపడదో తెలీట్లేదే. ఇవాళ వద్దులే."

ఎన్నాళ్ళకి విన్నాను ఆ మాట! సంతోషం ఆపుకోలేకపోయాను. బోర్డు వైపు తిరిగి రెండు కళ్ళూ తుడుచుకున్నాను. ఆ కాస్తసేపట్లో క్లాసంతా కాపీ కొట్టేసింది.