డప్పు వెనక సైకిలు

మా వియ్యంకుడు గారు పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. ఆయన్ని చూడ్డానికే టెక్కలి ఆస్పత్రికి బయల్దేరి పలాస నుంచి వచ్చే మొదటి బస్సెక్కాను. "మీ సంఘం పెద్దాయన ఆస్పత్రిలో పోయారంట తాతా" అన్నాడు టికెట్టు చింపుతూ. మా అమ్మాయి ఫోను చేసిందట గానీ మా ఊళ్ళో ఫోను బూతు అప్పటికింకా తెరవలేదు. నిజం చెప్పేస్తాను. ముందు దుఃఖమే వచ్చింది. వెంటనే కుళ్ళు కూడా పుట్టింది. వియ్యంకుణ్ణి నేనైతే, నాకంటే ముందు బస్సులో వాళ్ళందరికీ తెలియడమేమిటని. ఆయన విషయంలో నాకెప్పుడూ అంతే.

నేను ఆరో తరగతి దాకా చదివినవాణ్ణి. జీడితోట, నాలుగు కొబ్బరిచెట్లు తప్ప వేరే లోకం తెలియదు. రాయడం అలవాటు లేదు. అయినా ఆయన గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆయన పోస్టుమాన్‌గా మా ఉద్దానం తీరంలో ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగారు. రిటైరయ్యాక, కిడ్నీ జబ్బు చేసినవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఒక వ్యాను ఉండాలని పదిమందిని కూడగట్టి సంఘం పెట్టారు. రైతులు, బెస్తవాళ్ళు చందాలు వేశారు. ఆయనే కార్యదర్శి. నెలకు పన్నెండు వందలు జీతం పుచ్చుకునేవారు. అది తొంభైల చివరి మాట.

మొదటి ఏడాది మీటింగుకి ముందురోజు ఆయనొక పని చేశారు. మా వైపు డప్పు చాటింపు వేసేది తుఫాను వస్తుందంటేనో, ఆవు తప్పిపోతేనో. ఆయన సంఘం సంగతి చాటించారు. కార్యదర్శి ఎవరు, ఆయన జీతమెంత, వచ్చిందెంత, పోయిందెంత. డప్పు చప్పుడు చెవిన పడగానే సముద్రం ఒడ్డున జనం ఒక్క మాటా వినలేదు. తుఫానే అనుకుని తెప్పలన్నీ ఇసక దిబ్బల మీదికి లాగేశారు. సంగతి తెలిశాక చేపల గంప దించి ఒకామె ఆయన్ని నిలదీసింది.

"నీ జీతం సెప్పడానికేటి, మా మగోళ్ళ నడుములు ఇరగ్గొట్టినావు పోస్టు మావా?"

"నా జీతం కూడా గాలివాన లాటిదే తల్లీ. ముందుగా సెప్పకపోతే ముంచేత్తాది."

ఆ మాట ఊళ్ళన్నీ తిరిగింది. నేను పదేళ్ళలో ఎన్ని మంచి మాటలన్నానో, ఒక్కటీ మా వీధి దాటలేదు.

ఆ రోజు నుంచి ప్రతి ఏడూ చాటింపే. డప్పు ముసలాయన ముందు నడిచేవాడు. వెనక ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చేవారు. ఒక్కో సంగతి చెప్పాక డప్పాయన కర్ర పైకెత్తి వెనక్కి తిరిగి చూసేవాడు. ఈయన తలూపితేనే డప్పు మీద కర్ర పడేది. తప్పు చెబితే అదే వీధిలో మళ్ళీ మొదటినుంచీ చెప్పించేవారు.

జనం ఆయన్ని మెచ్చుకోవడం చూడలేక ఒక మీటింగులో నేను లేచాను.

"సేవన్నాక జీతమేటి బావగారూ?"

ఆయన కోప్పడలేదు. "జీతం లేదంటే ఇంకెక్కడో తింటన్నానని కదా బావగారూ. సంతలో సేపలమ్మి మనం అడక్కముందే మొప్ప ఎత్తి సూపిత్తాది, ఎర్రగుందా లేదా సూసుకోమని. సంఘం కూడా మొప్ప ఎత్తాల" అన్నారు. చేపలమ్మే ఆడవాళ్ళు ఒకటే నవ్వు. నేను కూర్చున్నాను గానీ నా లోపల పొయ్యి ఆరలేదు.

ఇంకో ఏడు కోశాధికారి పదవి ఖాళీ అయింది. నాకిస్తారని కొత్త చొక్కా కుట్టించుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఒక కంచం కాడ కూసున్నోళ్ళం ఒక పెట్టె కాడ కూసోకూడదు బావగారూ" అన్నారు. ఏడాది పాటు వాళ్ళింటికి వెళ్ళినా మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. ఆయనేమో వెళ్ళిన ప్రతిసారీ జీడిపప్పు ఉప్మా చేయించి నా ముందు పెట్టించేవారు. పప్పు నా తోటదే.

మా అమ్మాయి టెక్కలిలో ఇంటరు చదివింది. చాటింపు కాగితం ఏటా మామగారి పక్కన కూర్చుని అదే రాసేది. అయినా ఆ కంచం మాట వల్ల ఆయన పదవిలో ఉన్నన్నాళ్ళూ దానికి సంఘంలో చోటు లేదు. చివరికి ఆ కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. తన వ్యానులోనే టెక్కలి తిరగాల్సి వచ్చి, పదవి వదిలేశారు. ఆ రోజు బెస్త ఆడవాళ్ళే లేచి, మాకు ఈ పిల్లే కావాలని చేతులెత్తారు.

నా కూతురు కార్యదర్శి అయింది. పలాస వెళ్ళి కిలో మైసూర్‌పాకు కొని, తిరుగు బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి కూడా పెట్టాను. పుచ్చుకున్న ప్రతివాడూ ఒకటే మాట: "పోస్టు మావ కోడలు గదా, అలగే ఉంటాది." వానలో భుజాన ఎక్కించుకుని బడికి మోసింది నేను. పేరు ఆయనకి.

ఉండబట్టలేక దాన్నే అడిగాను. "ఒక్కసారి డప్పులో నా కూతురని సెప్పించమ్మా."

"అది సంఘం డప్పు నాన్నా. నీ ముచ్చట అందులో ఎలా ఎయ్యమంటావు?"

గొంతు నా కూతురిది, మాట ఆయనది.

ఆయన కర్మలయ్యాక, నా కూతురు కార్యదర్శిగా మొదటి చాటింపు మా ఊరొచ్చింది. అరుగు మీద కూర్చుని వింటున్నాను. "కార్యదర్శి, పాత కార్యదర్శి గారి కోడలు. జీతం నెలకు రెండు వేలు" అన్నాడు డప్పాయన. ఇక్కడా ఆయన పేరేనని తల దించుకున్నాను. మళ్ళీ గొంతెత్తాడు. "ఆవిడ కన్నతండ్రి ఈ ఊరి జీడితోట రైతు. ఆ తండ్రికి సంఘంలో పని లేదు, జీతం లేదు, పైసా ముట్టలేదహో."

వీధంతా నావైపు తిరిగింది. నాకేమీ లేదని చాటిన ఆ మాటకి నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సాయంత్రం బూతుకెళ్ళి అమ్మాయికి ఫోను చేశాను. "ఎవలు రాసినారమ్మా అది?"

"మావయ్యే నాన్నా. ఆస్పత్రి మంచం మీద కూసోని కలిపినాడు. సుట్టాలెవరో సెప్పకపోతే మొప్ప మూసినట్టే అన్నాడు."

"నా కోసమేనా?"

"మీ నాన్న ముచ్చట కోసం కాదు, నిజం కాబట్టి రాత్తన్నానన్నాడు. రాసేసి నవ్వినాడు."

ఆ నవ్వు కూడా నేను చూడలేదు. అది చూసింది నా కూతురు. ఇక ఆయన్ని గెలిచే దారి లేదు.

ఇప్పుడు నాకు మాటిమాటికీ గుర్తొచ్చేది ఆ చాటింపు పూటే. నా సంగతి చెప్పడం అయ్యాక డప్పాయన అలవాటుగా కర్ర పైకెత్తి వెనక్కి తిరిగాడు. ఇసక దారిలో సైకిలు లేదు. నేను తలూపబోయి ఆగిపోయాను. కార్యదర్శి తండ్రిని, ఆ పని నాది కాదు. ముసలాయన కర్ర అలాగే ఎత్తి పట్టుకుని, ఖాళీ దారి వైపు చూస్తూ నిలబడ్డాడు.