పిడికెడు ఎరువు

జలంధర్ కాక జగిత్యాల వైపు రైతు. ఉన్న ఒక్క ఎకరం అమ్మి వీసా కొనుక్కుని, ఖతార్‌లో పదకొండేళ్లుగా సెంట్రింగ్ పని చేస్తున్నాడు. మేమిద్దరం ఉండే లేబర్ క్యాంపు గది కిటికీలో నీళ్ల బాటిళ్లు కోసి, వాటిలో మట్టి లేకుండా ఉత్త నీళ్లలోనే పుదీనా కొమ్మలు నిలబెట్టాడు. వేళ్లకు వెలుతురు తగలకుండా బాటిళ్లకు పాత సాక్సులు తొడిగాడు. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోశాడు. ఏషియన్ టౌన్ బజార్‌లో కొన్న ఎరువు ప్యాకెట్ మీది ఇంగ్లిష్ నేనే చదివి చెప్పాను. లీటరుకు అర చెంచా, అంతే.

నెలలో ఆకులు గుబురుగా వచ్చాయి. కాక భార్యకు వీడియోలో చూపించాడు.

"గంగామణీ, ఈసారి కాంట్రాక్టు కాయితం మీద సంతకం పెట్టనే పెట్ట. ఇంటికొచ్చి డాబా మీద గిదే ఏస్త."

"మన్ను లేకుంట పంటేందయ్యా, ఎండ గిట్ల తలకెక్కిందా?" అని ఆమె నవ్వింది. కానీ ఎప్పుడొస్తావని మూడుసార్లు అడిగింది.

మర్నాడు రెండు ఆకులు పసుపెక్కాయి. పొలంలో యూరియా చల్లిన చెయ్యి ఊరుకోదు కదా. నేను డ్యూటీలో ఉండగా ఒక్కో బాటిల్లో పిడికెడు ఎరువు పోశాడు. మూడో రోజుకు వేళ్లన్నీ కుళ్లిపోయాయి.

"అర చెంచానే అని చెప్పిన గద కాకా! చదువుకున్నోడు చెప్తే ఇనవా?"

"నువ్వేం చదివినవ్‌రా, కాలేజీ ఇడిసిపెట్టినోడివి," అన్నాడు. కుళ్లిన కొమ్మలు బాటిళ్లలోంచి తీస్తూ, "మన్నయితే గింత ఎక్కువైనా ఓర్సుకునేది బిడ్డా," అన్నాడు.

మళ్లీ పెడదామన్నాను. వినలేదు. ఆదివారం కంపెనీ ఆఫీసుకు వెళ్లి ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టి వచ్చాడు. గంగామణికి మాత్రం పుదీనా బాగానే ఉందని చెబుతున్నాడు.