పన్నెండు మిల్లీమీటర్లు

తవిటయ్య ప్యాంటు పక్కజేబులోంచి ఎప్పుడూ ఒక ఉక్కు స్కేలు తల బయటపెట్టి ఉండేది. ముప్ఫై సెంటీమీటర్లది. చూడటానికి అన్ని స్కేళ్లలాంటిదే. పక్కన మరో స్కేలు పెట్టి చూస్తే తప్ప దాని గుట్టు బయటపడదు. దాని ముప్ఫయ్యో గీత మామూలు స్కేలు గీతకంటే ఆరు మిల్లీమీటర్లు అవతల ఉంటుంది.

వలస వచ్చిన హిందీ ఊరు ఆదిత్యపూర్‌లో, ఉక్కు పోత పోసే ఒక చిన్న ఫౌండ్రీలో ఇరవై ఎనిమిదేళ్లు ప్యాటర్న్ మేస్త్రీగా చేశాడతను. పోత పోయవలసిన వస్తువును ముందుగా చెక్కతో చేసిపెట్టడం ఆ మేస్త్రీ పని. ఆ చెక్కను ఇసుకలో అదిమి పైకి తీస్తే మిగిలే గుంటలో కరిగిన ఉక్కు పోస్తారు. ఉక్కు చల్లారుతూ ముడుచుకుంటుంది, నూటికి రెండు పాళ్లు. కాబట్టి చెక్క ఆ రెండు పాళ్లూ పెద్దదిగా ఉండాలి. ప్రతి కొలతకీ లెక్క కట్టుకుంటూ కూర్చోకుండా స్కేలులోనే గీతలు సాగదీసి గీసేస్తారు. తవిటయ్య చేతికి తెలిసిన సెంటీమీటరు అదొక్కటే.

కూతురు శ్వేత నాలుగో తరగతిలో ఉండగా ఒకనాడు తన స్కేలు కనబడక తండ్రి స్కేలు బడికి పట్టుకుపోయింది. గీసిన గీతలన్నిటికీ టీచరు ఎర్రసిరాతో ఇంటూలు పెట్టింది. తల్లి నూకాలమ్మ ఆ నోటుబుక్కు తెచ్చి మొగుడి ముందు పడేసింది.

"ఏటయ్యా, ఇది స్కేలా, దొంగ తక్కెడా? పిల్ల సదువు ముంచేత్తావా ఏటి?"

"అది ఉక్కు కొలతే. పిల్లకి కాదు."

"పిల్లకి కానిది ఇంట్లో ఎందుకెట్టినావు మరి?"

ఆ రోజే స్కేలు చివరి కన్నంలో ఎర్రదారం కట్టింది. దారం ఉన్నదాన్ని ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. దారం చెమటకీ చెక్కపొడికీ చివికిపోయినప్పుడల్లా కొత్తది కట్టేది. భుయ్యాడీహ్‌లోని ఆ రెండుగదుల ఇంట్లో ఇలాంటి చట్టాలన్నీ ఆమెవే. బడి వ్యవహారమూ ఆమెదే. హిందీ అంతంతమాత్రంగా వచ్చినా తల్లిదండ్రుల మీటింగుల్లో ముందు వరసలో కూర్చుని, టీచరు ఏమన్నా "హా జీ, హా జీ" అని తలూపి, బయటికొచ్చాక కూతురిని అడిగేది, "ఏటందే ఆవిడ, తిట్టిందా, మెచ్చుకుందా?"

రెండేళ్ల కిందట ఆమెకు కామెర్లొచ్చాయి. పదకొండు రోజుల్లో పోయింది. ఆ ఏడే ఫౌండ్రీలోకి చెక్క చెక్కే కంప్యూటరు మిషను వచ్చింది. తవిటయ్యను ఇసుక జల్లించే పనిలోకి మార్చారు. ఇసుకకి స్కేలు అక్కర్లేదు. అయినా జేబులో పెట్టుకునే వెళ్లేవాడు. దారం ఎప్పుడు తెగిపోయిందో అతను చూసుకోలేదు.

శ్వేత తొమ్మిదో తరగతికొచ్చింది. తల్లి పోయాక ఆ పిల్ల తెలుగు మానేసింది. "తిన్నావేటమ్మా?" అంటే "హా." "ఎక్కడికెళ్తన్నావు?" అంటే "ట్యూషన్." తల్లితో తగువులాడటానికి వాడిన భాషను ఇక ఇంట్లో ఎవరితో మాట్లాడాలని అనుకుందో ఏమో. రోజుకి పది మాటలకు మించి తండ్రికి దక్కేవి కావు. ఆ పదీ హిందీలోనే. అతను ఎదురు చూసింది ఒక్కదానికే. తన పిల్ల తనతో మళ్లీ మాట్లాడాలి. ఏం మాట్లాడినా సరే.

ఆగస్టులో బడినుంచి కాగితం వచ్చింది. ఇంద్రాణి అనే సైన్సు మేడమ్ కొత్త పద్ధతి పెట్టింది. పిల్లలు పాఠాన్ని చేత్తో చేసి నేర్చుకోవాలి, పక్కన తల్లో తండ్రో కూర్చుని కలిసి చెయ్యాలి. పెద్దవాళ్లు రాని పిల్లలు ఊరికే చూస్తూ కూర్చోవాలి. అప్పటిదాకా బడి పనులకి పక్కింటి ఉమామహేశ్వరి వెళ్లేది. ఆ వారం ఆమె పలాసలో పెళ్లికి పోయింది.

శ్వేత కాగితం మంచం మీద పెట్టి గోడకేసి చూస్తూ అంది. "ఆప్ బస్ బైఠ్ జాయియేగా." మీరు ఊరికే కూర్చుంటే చాలని.

"కూకుంటాను. ఏటి కట్టాలి మీరు?"

ఊరి పక్క సువర్ణరేఖ నది మీది వంతెన నమూనా. స్నేహితురాలు రీనా, ఆమె నాన్న కలిసి ప్లైవుడ్ పలక మీద రెండు స్తంభాలు లేపి తెస్తారు. వాటి మీది గాడుల్లో కూర్చునే వంతెన శ్వేత వాటా. ఐస్‌క్రీం పుల్లలు అంటించి చేద్దామనుకుంది.

"ఎంత పొడుగు?"

"సాఠ్ సెంటీమీటర్."

"అరవై సెంటీమీటర్లకి ఐసుక్రీం పుల్లలేటమ్మా, నవ్వుతారు. నాను సేత్తాను."

ఆ పిల్ల వద్దనలేదు. అదే పదివేలనుకున్నాడు.

అటక మీదినుంచి ఉలులు దించాడు. ఎప్పుడో దాచిన టేకు ముక్కలు తీశాడు. మూడు సాయంత్రాలు వాకిట్లో కూర్చుని వంతెన చేశాడు. మేకు లేదు, జిగురు లేదు, అన్నీ కీలుకి కీలు తొడిగినవే. మొదటి సాయంత్రం శ్వేత లోపలే ఉంది. రెండో సాయంత్రం గుమ్మంలో నిలబడింది. మూడో సాయంత్రం వచ్చి ఎదురుగా కూర్చుని, అడక్కుండానే రెండో కొస పట్టుకుంది. చాలాసేపయ్యాక అడిగింది.

"నాన్నా, మేకు లేకుండా ఎలాగ నిలబడతాది?"

తెలుగులో అడిగింది. తవిటయ్య ఉలి కింద పెట్టేశాడు.

"ఒకదాన్నొకటి పట్టుకుంటాయమ్మా. నాగి సూడు."

ఆ పిల్ల లాగి చూసింది. రాలేదు. చిన్నగా నవ్వింది. ఆ సంతోషంలోనే అతను మిగిలిన కొలతలు పెట్టాడు. జేబులోంచి స్కేలు తీసి, రెండుసార్లు ఆనించి, అరవై దగ్గర గీత గీసి కోశాడు. స్కేలు చివర కన్నం ఖాళీగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు కొలిచిన చెయ్యి ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు.

శనివారం బడి గేటు దగ్గర వాచ్‌మన్ సంచీ విప్పించాడు. ఉలి, రంపం, చిన్న బాడిస. "లోపలికి ఇనుము పోదు, రూల్" అని హిందీలో చెప్పి సంచీ తీసుకుని గదిలో పెట్టి తాళం వేశాడు. జేబులో స్కేలు వాడి కంట పడలేదు. తవిటయ్య ఇస్త్రీ చొక్కాతో, వట్టి చేతులతో లోపలికి వెళ్లాడు. వంతెనను శ్వేతే మోసింది. దారిలో ఇద్దరు పిల్లలు ఆగి "ఇది మీ పప్పా చేశారా?" అని అడిగితే "హా" అంది. ఆ "హా" వేరు. రోజూ ఇంట్లో వినే "హా" కాదు.

రీనా నాన్న స్తంభాలు బల్ల మీద పెట్టాడు. ప్లాస్టర్ పూసి, ఎండబెట్టి, తళతళలాడేలా తెచ్చాడు. పిల్లలంతా చుట్టూ మూగారు. శ్వేత వంతెన ఒక కొస గాడిలో కూర్చోబెట్టి రెండో కొస దించింది. దిగలేదు. స్తంభం అంచు మీద ఆగిపోయింది.

"థోడా దబావ్," అన్నాడు రీనా నాన్న. నొక్కారు. ప్లాస్టరు చిట్లింది.

శ్వేత బాక్సులోంచి ప్లాస్టిక్ స్కేలు తీసి కొలిచింది. అరవై ఒకటీ పాయింట్ రెండు. మళ్లీ కొలిచింది. తర్వాత తలెత్తి తండ్రి ముఖం చూడలేదు, జేబు చూసింది.

"వహీ స్కేల్?"

అదేనని తవిటయ్యకి అప్పుడే తెలిసింది. పన్నెండు మిల్లీమీటర్లు. వేలెడు వెడల్పు. అతనికి అది రెండు నిమిషాల పని. "ఒక్క నిమిసం ఆగమ్మా" అని గేటుకి పరుగెత్తాడు. రంపం ఒక్కటి ఇమ్మని వాచ్‌మన్‌ని బతిమాలాడు. పోనీ వంతెన ఇక్కడికే తెచ్చి కోసుకుంటానన్నాడు. "ఛుట్టీ మే" అన్నాడు వాడు, బడి వదిలాకేనని. లోపలికి తిరిగి వచ్చేసరికి రీనా నాన్న థర్మోకోల్ పలకని కట్టరుతో కోసి, వేడి జిగురు పెట్టి స్తంభాల మీద అతికిస్తున్నాడు. శ్వేత ఒక కొస పట్టుకుంది. టేకు వంతెన బల్ల కింద, చెప్పుల పక్కన ఉంది.

ఇంద్రాణి మేడమ్ మంచి మనిషి. కిందికి వంగి దాన్ని తీసి తిప్పి తిప్పి చూసింది. ఇంత పని చేతులతో ఎలా చేశారు, ఫౌండ్రీలో మీరు చేసే పని పిల్లలకి ఐదు నిమిషాలు చెప్పండి అని హిందీలో అడిగింది. తవిటయ్య గొంతు సవరించుకున్నాడు. ఉక్కు ముడుచుకునే సంగతి, స్కేలు సంగతి, తప్పు ఎక్కడొచ్చిందో ఆ సంగతి, అంతా చెబుదామనుకున్నాడు. చెబితే పిల్లకి కూడా అర్థమవుతుంది.

శ్వేత ముందే అంది. "మ్యామ్, ఇన్‌కో హిందీ ఠీక్ సే నహీ ఆతీ."

నాన్నకి హిందీ సరిగా రాదు. ఇరవై ఎనిమిదేళ్లు ఇసుక అచ్చులు చేసే బిహారీ మౌల్డర్లతో హిందీలో పోట్లాడి, హిందీలో జోకులేసి బతికిన మనిషి. తవిటయ్య మేడమ్ వైపు చూసి తలూపాడు.

"హా జీ," అన్నాడు.

ఆటోలో ఇద్దరి మధ్యా వంతెన ఉంది. దిగేముందు అతను "తప్పు నాదేనమ్మా" అన్నాడు. ఆటో చప్పుడులో వినబడిందో లేదో.

నవంబరులో ఒక శనివారం ఉదయం ఉమామహేశ్వరి పట్టుచీర కట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"శ్వేతా, అయ్యిందేటే? బడిలో బంకమట్టితో ఏదో సెయ్యాలన్నావు, నాకేటీ రాదు, ముందే సెప్తన్నాను!" అని, మంచం మీద తవిటయ్యను చూసి ఆగిపోయింది. "అదేటన్నా, ఇంట్లోనే ఉన్నావా? డ్యూటీ అంది పిల్ల. నీకు సెప్పనేదా?"

శ్వేత జడ అల్లుకుంటున్న చెయ్యి అద్దం ముందు ఆగింది.

"సెప్పింది సెప్పింది," అన్నాడు తవిటయ్య. "డ్యూటీయే. ఓటీ ఉంది. ఎల్తన్నాను ఇప్పుడే."

సెలవురోజు కంపెనీ చొక్కా తొడుక్కున్నాడు. టిఫిను డబ్బా సర్దుకున్నాడు. వాళ్లకంటే ముందు బయటపడ్డాడు.

ఫౌండ్రీకి వెళ్లడానికి లేదు. సువర్ణరేఖ ఒడ్డుకు దిగి వంతెన నీడలో ఒక రాయి మీద కూర్చున్నాడు. పైన లారీలు పోతున్నాయి. ప్రతి స్తంభం దగ్గరా టక్కుమని చప్పుడు. పలకకీ పలకకీ మధ్య వేలెడు సందు ఉంటుంది అక్కడ. ఎండకి సాగితే చోటు ఉండాలని కట్టినవాళ్లు వదిలిపెట్టిన సందు. ఆ చప్పుడు వింటూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. డబ్బా విప్పలేదు. బడి వదిలే వేళ దాటాక ఇంకో గంట ఆగి, డ్యూటీ దిగే వేళకే ఇల్లు చేరాడు.

శ్వేత పుస్తకం ముందు కూర్చుని ఉంది. గోళ్లలో ఇంకా మట్టి ఉంది.

"డ్యూటీ హో గయీ?" అంది, తలెత్తకుండా.

"అయిపోనాదమ్మా."

విప్పని డబ్బాను ఆ పిల్ల కంట పడకుండా చొక్కా చాటున పట్టుకుని అతను వంటగదిలోకి వెళ్లాడు.