లిపోవ్‌దోల్ మేయరు గారు

వెల్కో బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే: తనను తాను ఒక హిమానీనదానికి మేయరు అనుకోవడం. అంటార్కిటికాలో మేం బల్గేరియా వాళ్లం కనిపించిన మంచుకల్లా మా ఊళ్ల పేర్లు పెట్టుకుంటాం. అలా ఒకదానికి ఆయన సొంతూరు లిపోవ్‌దోల్ పేరు పడింది. ఇక చూడండి! మా స్థావరంలో ఆయన ఉద్యోగం దారి చూపించడం. చెలాయించేది మాత్రం మేయరుగిరీ.

మంచు కరిగి నీళ్లు కారితే, "మా ఊళ్లో మళ్లీ పైపు పగిలింది" అని విసుక్కునేవాడు. పెంగ్విన్లు గుంపుగా వస్తే, "పెళ్లివారు దిగారు, ఒక్కరూ కాళ్లు తుడుచుకోరు" అనేవాడు.

వంటవాడు పెన్యో ఊరి పేరు పక్క హిమానీనదానికి ఉంది. "మాది మీదానికంటే పొడుగు" అని వాడంటే, "పొడుగుంటే సరా? మీకు బేకరీ ఉందా?" అని బాబాయి కస్సుమనేవాడు.

కిందటి వేసవిలో ఆ లిపోవ్‌దోల్ మంచులోనే నేను చంకలదాకా దిగబడ్డాను. పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద అంతా పగులు. బాబాయే తాడుతో లాగాడు. ఈసారి ఆ మంచు అంచు దగ్గరే భయంతో ఆగిపోయాను. మంచు ఎంత తరిగిందో చూడటానికి పైన పాతిన నా కొలకర్ర దగ్గర కొలత తీయకపోతే మూడేళ్ల పరిశోధన గంగపాలు. మర్నాడే తిరుగు ఓడ.

"నా వల్ల కాదు బాబాయ్."

"ఇప్పుడే ఎవరు రమ్మన్నారే డెంకా? అతిథి వస్తుంటే ఊరు సర్దొద్దూ?" అంటూ పెన్యో చేతిలో తాడు కొస పెట్టి, పొడుగాటి కడ్డీ, వెదురు జెండాలు పట్టుకుని పోయాడు. నేను అటు చూడను కూడా చూడలేదు.

తిరిగొచ్చి, మా దేశంలో ఊరికొచ్చిన అతిథికి పెట్టే ఉప్పద్దిన రొట్టెముక్క నా నోట్లో కుక్కి, నన్ను తాడుకు కట్టుకుని బయల్దేరాడు.

"ఇదే మెయిన్ రోడ్డు. బేకరీ దగ్గర ఎడమకు తిరుగు."

"ఏ బేకరీ? మంచు తప్ప ఏముందిక్కడ?"

"ఆదివారం కదా, మూసేశారు. అదిగో స్కూలు. ఆ పక్కకు పోకు, పూలమొక్కలున్నాయి."

"మంచులో పూలమొక్కలేంటి, నీ మొహం!"

"మా ఆవిడ వేసింది. తొక్కావో, ఆవిడకు నువ్వే జవాబు చెప్పుకోవాలి."

దారి పొడుగునా ఆయన్ని తిడుతూనే నడిచాను. తిట్ల ధ్యాసలో పడి భయపడటమే మరిచిపోయాను. కొలత తీసేశాను!

తిరుగుదారిలో హుషారు పుట్టింది. "మీ ఆవిడ తోట చూద్దాం" అంటూ చేయి చాచి చేతికర్రతో అక్కడి మంచును పొడిచాను. కర్ర చప్పుడు లేకుండా జారిపోయింది. అక్కడ నల్లటి బొక్క మిగిలింది.

వెనక్కి చూస్తే దారి పొడుగునా, తిట్ల ధ్యాసలో నేను పట్టించుకోని జెండాలు. ప్రతి మలుపులోనూ ఆయన ముందే నడిచి, పొడిచి చూసి వచ్చాడన్నమాట!

"పూలమొక్కలంటే పగుళ్లని చెప్పలేదేం బాబాయ్?"

"చెబితే వచ్చేదానివా?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమాంతం ఆయన్ని కౌగిలించుకున్నాను.

బాబాయి కంగారుగా అటూ ఇటూ చూశాడు. "వదులు, వదులు! నడిబజార్లో ఏంటిది? జనం చూస్తున్నారు!"