మూడో తాళం

ఓబులేసు సారు పరిశోధనకు మూలం ఒక ఇనప పెట్టె. జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే దారికి లోపలగా ఉన్న నల్లగుట్టపల్లె ఆయనది. నాయన ఎర్రన్న గొర్రెలు కాసేవాడు. ఊరు రెండు వర్గాలు. పైవీధి రెడ్డి మనుషులు కిందివీధి బావి నీళ్లు ముట్టరు. మొహర్రం అయ్యాక పీర్లను దాచే పెట్టెకు సైతం మూడు తాళాలు వేసుకున్నారు. ఒకటి పైవీధి రెడ్డిది, ఒకటి కిందివీధి రెడ్డిది, మూడోది పీర్ల సేవ చేసే ముజావర్ హుమాయున్‌ది. ముగ్గురూ వస్తేనే మూత తీసేది.

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరరు అయ్యాక ఓబులేసు ఆ పెట్టెనే అంకెల్లోకి దించాడు. ఒక రహస్యాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇవ్వాలి. అన్ని వర్గాల ముక్కలూ కలిస్తే తప్ప అది బయటపడకూడదు. బాంబులు పడి బస్సులు ఆగిపోయిన రోజుల్లో, సెలవిచ్చిన కాలేజీలో ఒక్కడే కూర్చుని ఆరేళ్లు రాశాడు. రెండువేల సంవత్సరంలో కలకత్తా పత్రిక ఒకటి అచ్చు వేసింది. పాత పద్ధతులకు పట్టే లెక్కలో సగంతోనే పని జరిగే దారి అది. నాలుగేళ్లలో పద్నాలుగు మంది పరిశోధకులు తమ పత్రాల్లో దాన్ని ఆధారంగా చూపించారు. ఆ రంగంలో మనిషి విలువ కట్టేది ఈ సైటేషన్లతోనే. గైడు లేడు, గ్రాంటు లేదు. పద్నాలుగు చిన్న సంఖ్య కాదు.

రెండువేల నాలుగు ఎన్నికల ముందు, యూనివర్సిటీలో రీడరు పోస్టుకు ఇంటర్వ్యూ ఇంకా పది రోజులుందనగా, హుమాయున్ కాలేజీకి వచ్చాడు.

"అల్లుడూ, పీర్లు పోయినాయి."

"యాడికి పోయినాయి మామా? దొంగలు పడినారా?"

"దొంగలైతే పోలీసులకు చెప్పుకుందును. రెడ్లిద్దరూ ఒకే జీపులో వచ్చినారు. కండువాలు కూడా ఒకే రంగు. కొత్త సావిడి కట్టించినారంట, నాయకుడొచ్చి తెరుస్తాడంట. నన్ను ఒక్క మాట అడగల్యా."

"నీ తాళం పగలగొట్టినారా?"

"అదే శానా చిత్రం. నా తాళం వేసింది వేసినట్టే ఉండాది!"

ఓబులేసు ఊరికి పోయి పెట్టె చూశాడు. మూతకు అడ్డంగా ఇనప పట్టీ. దాని రెండు కొసలను పెట్టెకు బిగించేవి రెడ్ల తాళాలు. నడిమి తాళం పట్టీని మూతకు మాత్రమే బిగిస్తుంది. కొసలు రెండూ ఊడదీస్తే, హుమాయున్ తాళంతో సహా మూత లేచి వస్తుంది. ముప్పై ఏళ్లుగా ఎవరికీ తట్టలేదు. ఆ ఇద్దరూ కలుస్తారని ఎవరూ అనుకోలేదు మరి.

ఓబులేసుకు తన పత్రం గుర్తొచ్చింది. దాని నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: వైరి వర్గాల వాళ్లు తమ ముక్కలను ఒకరికొకరు చెప్పుకోరని అనుకుందాం. లెక్క సగానికి తగ్గింది ఆ ఒక్క వాక్యంతోనే. వాళ్లు చెప్పుకుంటే మూడోవాడి ముక్కతో పనే లేదు.

"ఇంటర్వ్యూ అయినాంక రాయి. పది దినాలకు ఏం మునిగిపోతాది?" అంది భార్య నాగేశ్వరమ్మ.

"ఆ లోపల ఎవురన్నా నా లెక్క నమ్ముకుంటే?"

"పద్నాలుగు మంది సదువుకున్నోళ్లు పట్టుకోలేదు గదప్పా."

"రెడ్లు పట్టుకున్నారు గదే."

పద్నాలుగు కవర్ల మీద అడ్రసులు ఆమే రాసింది.

పత్రికకు ఒకటి, ఆ పరిశోధకులకు పద్నాలుగు, తన లెక్కలో తప్పు చెబుతూ పదిహేను ఉత్తరాలు పోస్టులో పడ్డాయి. ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకరు కళ్లజోడు తీసి అడిగాడు. "మీ పత్రం తప్పని మీరే చెబుతున్నారా?"

"అవును సార్. ఇంకో ఊరివాడైతే ఈ తప్పు చేసి ఉండడు."

పోస్టు వేరొకరికి వెళ్లింది. ఓబులేసు లెక్చరరుగానే రిటైరయ్యాడు. కానీ తప్పు ఒప్పుకుని ఊరుకోలేదు. శత్రువులు చేతులు కలిపినా మూడోవాణ్ణి దాటిపోలేని పద్ధతి కట్టడానికి రెండేళ్లు పట్టింది. లెక్క మళ్లీ పెరిగింది, పెరగనిచ్చాడు. రిటైరయ్యే నాటికి ఆ రెండో పత్రాన్ని మూడువందల పన్నెండు మంది ఆధారంగా చూపించారు. ఆ పత్రం చివర హుమాయున్‌కు కృతజ్ఞతలు ఉంటాయి. ఆయన ఏ యూనివర్సిటీలో పనిచేస్తారని జర్మనీ నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు.

అంతకు ముందే, రెండువేల ఆరు పంచాయతీ ఎన్నికల్లో రెడ్లు మళ్లీ విడిపోయారు. పీర్లు పాత పెట్టెకే తిరిగొచ్చాయి. కమ్మరిని పిలిపించి, హుమాయున్ తన తాళం ఓబులేసు చేతికిచ్చాడు.

"యాడ బిగించాల్నో నువ్వే చూపించు అల్లుడూ."

ఓబులేసు చాక్‌పీసుతో గీత గీశాడు. ఒక కొండీ మూతకు, ఒక కొండీ పెట్టె ఒంటికి, రెండింటికీ కలిపి తాళం. కమ్మరి బిగించాక రెడ్ల తాళాలు రెండూ తీయించి, మూత పట్టుకుని తనే గట్టిగా లాగి చూశాడు.

రాలేదు.