తేట నీళ్ళ కోసం

దినపత్రిక చదవడానికి మా ఇంట్లో ఉన్న పద్ధతి ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేదు. మా ఆయన పొట్టలోంచి దిగిన నీళ్ళ సంచిని పేపరు మీద పరిచి, ఆ నీళ్ళలోంచి కింది అక్షరాలు చదివేదాన్ని. అక్షరాలు తేటగా కనిపిస్తే ఆ పూటకు గండం గడిచినట్టు. మసకగా కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. కొల్లేటి సరస్సును ఆక్రమించారని చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టేస్తున్న ఏడాది అది. పేపరు నిండా అవే వార్తలు.

"ఏం రాశాడే ఇవాళ?" అని మంచం మీంచి అడిగేవారు ఆయన.

గట్లు కొట్టే మిషన్లు ఫలానా ఊరి దాకా వచ్చాయని, రైతులు రోడ్డు మీద కూచున్నారని, నీళ్ళలోంచే చదివి చెప్పేదాన్ని. మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నవ్వడం మానేశాం.

మాది పెదపాడు దాటి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో చిన్న ఊరు. మామగారి నాటి వరిచేలు కొన్ని, తర్వాత తవ్వించిన చేపల చెరువు ఒకటి, అదే మా బతుకు. మాకు పిల్లలు లేరు. ఆ లోటు నాకు తెలిసినంతగా మా ఆయనకు తెలియలేదనుకుంటాను, ఎందుకంటే ఆయనకు ఊరంతా ఉంది. తెల్లారి కాఫీ తాగి వీధి అరుగు మీద కూచుంటే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వస్తూనే ఉండేవారు. నీళ్ళ వంతు తగాదా, చేపల మేత రేటు, పెళ్ళి సంబంధం, ఏదైనా సరే ఆయన చెవిన పడాల్సిందే. అన్నానికి లేవమంటే, "ఈ ఒక్క మాటా అవనివ్వవే" అనేవారు. ఆ ఒక్క మాట ఎప్పుడూ అయ్యేది కాదు. నేను పళ్ళెం మీద మూత పెట్టి కూచునేదాన్ని.

అలాంటి మనిషికి కిడ్నీలు పోయాయి. గుండె కూడా బలహీనంగా ఉంది కాబట్టి రక్తం శుద్ధిచేసే మిషను తట్టుకుంటారో లేదో అనుమానమేనని విజయవాడ డాక్టరు గారు చెప్పి, రెండో దారి చూపించారు. పొట్టలోకి ఒక మెత్తని ట్యూబు పెడతారు. ఆ ట్యూబుకి మందు నీళ్ళ సంచి తగిలించి లోపలికి పంపాలి. ఆ నీళ్ళు కొన్ని గంటలు పొట్టలో ఉండి ఒంట్లో చెడంతా పట్టుకుంటాయి. తర్వాత వాటిని దించేసి కొత్త సంచి ఎక్కించాలి. ఇలా రోజూ, పూటపూటకీ, ఇంట్లోనే. తగిలించేటప్పుడు ఆ ట్యూబు మొనకు వేలు తగిలినా, గాలికి దుమ్ము తగిలినా, క్రిమి తిన్నగా పొట్టలోకి పోతుంది. ఇంతే సంగతి. వినడానికి ఇంతే.

నేర్పడానికి ఏలూరు నుంచి ఒక నర్సు వచ్చేది. తివాచీలు నేసే ఇంటి పిల్ల. మాట మెత్తన, పట్టు గట్టి. తలుపు మూయాలి, కిటికీ మూయాలి, ఫ్యాను ఆపాలి. ఇద్దరూ మూతికి మాస్కు కట్టుకోవాలి. మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కుని, ఉతికి ఆరేసిన తువ్వాలుతో తుడుచుకోవాలి. అప్పుడు సంచి ముట్టుకోవాలి. నేనన్నీ అలాగే చేశాను, మెచ్చుకుంటుందేమోనని చూశాను కూడా.

"అన్నీ బాగా చేశారండీ అమ్మగారూ. తువ్వాలుతో తుడుచుకున్నాక మళ్ళీ ఓసారి కొంగుకి తుడుచుకున్నారండీ. మొదట్నించి చేద్దామండీ."

నేనా? తుడుచుకోలేదన్నాను. మా ఆయన మంచం మీంచి నర్సు పక్షాన సాక్ష్యం చెప్పారు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చెయ్యి తడిస్తే కొంగు వెతుక్కునే జాతి మాది, దాన్ని మాన్పించడం ఆ పిల్లకు బ్రహ్మప్రళయమైంది. చివరికి కొంగు నడుముకి బిగించి పిన్నీసు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

"ఇవాళ ఒకలా, రేపు ఒకలా వద్దండీ. ఎవరు చేసినా పద్ధతి ఒక్కటేనండీ. మీకు ఓపిక లేని రోజు కూడా అదేనండీ" అని చెప్పి వెళ్ళింది.

వడ్ల బస్తాలు వేసే గదిలో మందు నీళ్ళ అట్టపెట్టెలు చేరాయి. పక్క గది ఆయనది. ఇక పరామర్శలు మొదలయ్యాయి. మా వైపు మనిషికి బాగోలేదంటే వచ్చి చూడకపోవడం తప్పు. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి వెళ్ళిపోవడం అంతకన్నా తప్పు. మంచం మీద పక్కన కూచోవాలి, చెయ్యి పట్టుకోవాలి, "ఏవండీ, ఎలా ఉంది?" అని ఒళ్ళు తడమాలి. చెరువు మేత కలిపిన చేతులతో వచ్చేవాళ్ళు కొందరు, గట్టు మీంచి బురద కాళ్ళతో తిన్నగా వచ్చేవాళ్ళు కొందరు. ఆ పూటకు నేను సంచి మార్చడం అయిందా లేదా అని కూడా ఎవరూ చూసేవారు కాదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను అందరికీ సబ్బు చూపించడం మొదలుపెట్టాను. చేతులు కడుక్కోమంటే పెద్దవాళ్ళు నవ్వేవారు. కొందరు మొహం ముడుచుకునేవారు.

అప్పుడే అత్తిలి నుంచి మా వదినగారు వచ్చారు. మా ఆయన అక్కగారు. తల్లి పోతే తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. భర్త పోయాక అత్తిలిలో ఒక్కరూ ఉండేవారు. "నువ్వొక్కదానివీ ఎంతకని చేస్తావమ్మాయ్, నేను చేస్తాను కూచో" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ నన్ను చూసి నేర్చుకున్నారు. చేతులూ కడుక్కునేవారు, తలుపూ మూసేవారు. కాకపోతే ఆ మందు నీళ్ళు చల్లగా ఉన్నాయని, తమ్ముడి పొట్ట జిల్లుమంటుందని ఆవిడకు బాధ. స్నానానికి కాగిన వేణ్ణీళ్ళలో ఆ సంచిని కాసేపు ముంచి తెచ్చేవారు. పసిబిడ్డకు పాలు గోరువెచ్చన చేసినట్టు. పెరట్లో జరిగేది నేను చూడలేదు, తర్వాత తెలిసింది. ఎండలో పెట్టి వెచ్చచేయొచ్చు గానీ నీళ్ళలో ముంచితే మొన దగ్గర చేరిన తడిలోంచి క్రిమి పోతుందన్న సంగతి ఆవిడకు ఎవరు చెప్పారు?

ఒక పొద్దున దిగిన సంచిని పేపరు మీద పెడితే అక్షరాలు లేవు. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. అప్పటికే ఆయన పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు.

విజయవాడలో చాలా రోజులున్నాం. మందు నీళ్ళలోనే ఇంజెక్షన్లు కలిపి ఎక్కించారు. తగ్గింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు.

"ఇంకోసారి ఇలా వస్తే ట్యూబు తీసేయాలమ్మా. తీసేస్తే మిషనే గతి. ఆయన గుండె సంగతి మీకు తెలుసుగా."

తెలుసు. ఇంటికొచ్చిన రోజే వదినగారిని అత్తిలి వెళ్ళమన్నాను. మెత్తగానే చెప్పాననుకున్నాను. ఎంత మెత్తగా చెప్పినా పొమ్మనడం పొమ్మనడమే.

"నేను ఎత్తుకు పెంచిన పిల్లాడమ్మాయ్ వాడు. నా చెయ్యి వాడికి విషమైందా?" అన్నారు.

ఇవాళ మళ్ళీ ఆ పరిస్థితి వచ్చినా అదే చేస్తాను. ఆవిడ బట్టల సంచీ పట్టుకుని ఆటో ఎక్కుతుంటే మా ఆయన గదిలోంచి "అక్కా" అని ఒక్క పిలుపు పిలిచారు. ఆటో శబ్దంలో ఆవిడకు వినబడలేదు.

ఆ తర్వాత గది తలుపు మూసేశాను. పరామర్శకు వచ్చినవాళ్ళను వాకిట్లోనే ఆపేసి, "ఆయన పడుకున్నారండీ" అనేదాన్ని. అబద్ధమని వాళ్ళకు తెలుసు, వాళ్ళకు తెలుసని నాకూ తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, నా గుమ్మమే చెడ్డదైంది. "ఆవిడ మొగుణ్ణి బీరువాలో పెట్టి తాళం వేసిందండీ" అని ఎవరో అన్నారట. మోసుకొచ్చి చెప్పినావిడ కూడా మళ్ళీ రాలేదు. పేరంటాలకు పిలవడం మానేశారు. సబ్బుకి నా చేతులు పగిలి, పప్పులో కారం తగిలితే మండేవి. చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఆయనతో చెప్పేదాన్ని కాదు.

చెరువులు కొట్టేస్తున్నారన్న గోల అప్పుడే ఊళ్ళోకి వచ్చింది. మా అరుగు మీద జనం చేరడం మానలేదు, అలవాటు మరి. ఎవరి గట్టు పోతుంది, ఎవరిది ఉంటుంది, ఎవరిని కలవాలి అని గంటల కొద్దీ మాట్లాడుకునేవారు. ఆయన గోడకు ఇవతల, మూసిన కిటికీ పక్కన, మాస్కు కట్టుకుని పడుకుని వినేవారు. మధ్యలో ఎవరైనా తప్పు చెబితే చెయ్యి ఎత్తేవారు, అవతలివాళ్ళకు కనిపిస్తుందన్నట్టు. నేను సంచి తగిలిస్తూ తల అడ్డంగా ఊపేదాన్ని. ఆ పని జరుగుతున్నంత సేపూ మాట్లాడకూడదు.

ఒకసారి వాళ్ళు లేచి వెళ్ళిపోయాక అన్నారు, "నన్నెవరూ ఏమీ అడగడం లేదే."

"మీకు ఒంట్లో బాగోలేదని అడగడం లేదండీ."

"మొదట్లో అందుకే అడగలేదు. ఇప్పుడు నేనున్న సంగతే మర్చిపోయారు."

నాకు కోపం వచ్చింది. మీరు బతికుండాలని నేను ఊరికి చెడ్డదాన్నయ్యాను, తెలుసా అని అరవాలనిపించింది. మాస్కు తీయకుండా బయటికి వచ్చేశాను. ఆ రోజు దిగిన నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి.

వాన మొదలైన రోజుల్లో నాకు జ్వరం తగిలింది. జ్వరంతో పాటు దగ్గు. సంచి మార్చే వేళ దగ్గరపడుతోంది. ఏలూరు నర్సుకి ఫోను చేశాను.

"మీరు ఆ గదిలోకి వెళ్ళొద్దండీ. మాస్కు కట్టుకున్నా వద్దండీ. ఒక పూట ఆలస్యమైనా పరవాలేదు, వేరే మనిషికి నేర్పి చేయించండీ."

వేరే మనిషి. ఊళ్ళో నా గుమ్మం ఎక్కే మనిషి ఎవరు మిగిలారు? సిగ్గు విడిచి అత్తిలికి ఫోను చేశాను. వదినగారు అంతా విన్నారు.

"ఇప్పటికి పనికొచ్చిందా నా చెయ్యి?" అన్నారు. వెంటనే, "జ్వరంతో పొయ్యి దగ్గరికి వెళ్ళకు. నేనొచ్చి వండుతాను" అన్నారు.

బస్సులో తాడేపల్లిగూడెం, అక్కణ్ణించి రైల్లో ఏలూరు, ఆటోలో మా ఊరు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వానలో తడిసి దిగారు. తల తుడుచుకుని, "చెప్పమ్మాయ్, ఈసారి ఏదీ దాచకుండా చెప్పు" అన్నారు. నేనేం దాచాను? కానీ వాదించే ఓపిక లేదు. వసారాలో ఆ చివర నేను మాస్కు కట్టుకుని కూచున్నాను, ఈ చివర ఆవిడ ఖాళీ సంచి, పాత ట్యూబు పెట్టుకుని కూచున్నారు. మంచం మీద తమ్ముడి బదులు తలగడ. తలగడకు ఆవిడ అన్నీ సరిగ్గా చేశారు. ఒక్క తప్పు లేదు.

అసలు గదిలోకి వెళ్ళాక నేను బయట కిటికీ అద్దానికి మొహం ఆనించి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ జనాన్ని బయట నిలబెట్టిన దాన్ని, ఇప్పుడు నేనే బయట. వదినగారు చేతులు కడుక్కున్నారు, తుడుచుకున్నారు, మంచం దగ్గరికి వెళ్ళారు. వెళ్ళగానే ఆ కుడిచెయ్యి దానంతటదే వెళ్ళి తమ్ముడి నుదుటి మీద పడింది. నేను అద్దం కొట్టాను. ఆవిడ ఉలిక్కిపడి మళ్ళీ కడుక్కున్నారు. ఈసారి దుప్పటి సర్దబోయారు. మళ్ళీ కొట్టాను. మూడోసారి కడుక్కుని వచ్చి, రెండు చేతులూ ఎత్తి గాల్లో పట్టుకుని, ఎక్కడా తగలకుండా నిలబడ్డారు. ఆవిడ కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతుల్లేవు. "నొప్పుందా నాన్నా" అన్న మాట ఆవిడ గొంతు దాకా వచ్చినట్టు నాకు తెలుస్తూనే ఉంది. అడగలేదు. మొన ముట్టుకోకుండా ట్యూబు తగిలించారు.

మర్నాడు నీళ్ళు తేటగా వచ్చాయి. ఆ తర్వాత కూడా.

నాకు జ్వరం తగ్గాక వదినగారు వెళ్ళలేదు, నేను వెళ్ళమనలేదు. ఒక పూట నేను, ఒక పూట ఆవిడ. నర్సు వచ్చి ఇద్దరి పనీ చూసి, ఇక తను రానక్కర్లేదంది. ఇన్నాళ్ళకు నాకు మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వీలు చిక్కింది.

చలికాలం వచ్చేసరికి ఆయన ఆ పని జరిగినంత సేపూ కళ్ళు మూసుకుని పడుకోవడం మొదలుపెట్టారు. ఒక ఉదయం మేమిద్దరం గదిలోనే ఉన్నాం. సంచి మార్చడం అయిపోయింది, ట్యూబుకి మూత కూడా పడింది. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగారు.

"ఇవాళ చేసిందెవరు? అక్కా? నువ్వా?"

"మీరే చెప్పండి" అన్నాను నేను, సరదాకి.

"తెలియడం లేదే. చిన్నప్పుడు జ్వరమొస్తే, ఎంత నిద్రలో ఉన్నా అక్క చెయ్యి తెలిసేది. ఇప్పుడు ఏ చెయ్యో తెలియడం లేదు."

చేసింది వదినగారే. ఆవిడ మాస్కు కిందకి లాగి, మొహం వెలిగిపోతుండగా నా వైపు తిరిగారు.

"చూశావా అమ్మాయ్! వాడికే తేడా తెలియలేదు. అచ్చం నీలాగే చేశాను కదూ?"

"అవునండీ వదినగారూ. అచ్చం నాలాగే" అన్నాను.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆయన భుజం మీద చెయ్యి వేయాలనిపించింది నాకు. వేయలేదు. చెయ్యి కడుక్కుని ఎంత సేపైందో గుర్తు రాలేదు.