దారం డబ్బాలో మెంతికూర

పత్తి గురించి, పాలియెస్టర్ గురించి లైబ్రరీలో చాలా పుస్తకాలు చదివాను. ఈ సంగతి మాత్రం వాటిలో లేదు, అందుకే రాసి పెడుతున్నాను. ఈ ఉదయం ఉధ్నా బజారులో మెంతికూర వాసన తగలగానే గుర్తొచ్చింది.

మూడో తరగతిలో జిగ్నా టీచర్ మమ్మల్ని కిమ్ అనే ఊరి దగ్గర పత్తి చేనుకు తీసుకెళ్లింది. పగిలిన కాయ నా చేతిలో పెట్టి, దారం ఇందులోంచే వస్తుందని చెప్పింది. ఇంట్లో మొలిపించి తెమ్మంది. బాపు మరమగ్గం మీద పనిచేసేవాడు. దారం పాతితే పత్తి మొక్క వస్తుందనుకుని, ఆయన తెచ్చిన పాలియెస్టర్ దారం ముక్కలను ఒక డబ్బాలో మట్టి నింపి పాతి, రోజూ నీళ్లు పోశాను.

"ఏందే, దారం మొలుస్తదా?" అని బాపు నవ్వాడు.

"నువ్వు జర ఊకో. పొల్ల టీచర్‌కు చూపియ్యాలె," అంది అమ్మ.

వారంలో పచ్చగా మొలకలొచ్చాయి. గర్వంగా బడికి తీసుకెళ్లాను. టీచర్ ఆకు నలిపి వాసన చూసి, "అరే, ఆ తో మేథీ ఛే!" అని గుజరాతీలో అంది. మెంతికూర తెచ్చానని క్లాసంతా నవ్వింది.

ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను.

"పత్తి గింజ యాడ దొరుకుతది బిడ్డా? ఇంట్ల మెంతులే ఉన్నయ్, అవే చల్లిన," అంది.

మోసం చేసిందని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

చేను చూపించిన జిగ్నా టీచర్‌కు, తెలిసీ చెప్పని బాపు రాజయ్యకు, నా డబ్బా ఖాళీగా బడికి పోకుండా చూసిన అమ్మ లచ్చవ్వకు కృతజ్ఞతలు.